బ్యాంకు నా దగ్గరే ఉండేది

పోయిన నెల ఒంగోలు ట్రంకు రోడ్డులో ఓ పాత స్టేషనరీ కొట్టుకి వెళ్ళి, పిల్లలు ఆడుకునే బిజినెస్ గేము ఒకటి కొనుక్కొచ్చుకున్నాను. ఎవరి పుట్టినరోజుకో కాదు. నాకే. కొట్టతను "ఎన్నేళ్ళ పిల్లలకమ్మా?" అని అడిగితే ఒక్క క్షణం ఆగి "పదమూడేళ్ళ పిల్లకి" అన్నాను. పూర్తిగా అబద్ధమని కూడా అనిపించలేదు.

నాకు నలభై ఆరేళ్ళు. కొడుకు బెంగుళూరులో ఉద్యోగం, కూతురు హైదరాబాదులో చదువు. ఇంట్లో నేనూ మావారూ. ఆ అట్టపెట్టెని చీర చాటున పెట్టుకుని వచ్చి, వంటింట్లో పై అరలో కందిపప్పు డబ్బా వెనకాల దాచాను. ఎందుకు దాచానంటే చెప్పలేను. మూడొందలు కూడా లేదు దాని ఖరీదు, అదీ నా చీటీ డబ్బుల్లోంచి పెట్టింది. అయినా ఇంట్లోకి ఎవరికీ పనికిరానిదీ, నా ఒక్కదానికోసమే కొన్నదీ దాచుకోవాలనిపిస్తుంది మనకి. మీకూ అంతేనా? రెండో రోజే మావారికి దొరికింది. అటూ ఇటూ తిప్పి చూసి "ఎవరితో ఆడతావు?" అన్నారు. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగారు. నా దగ్గర జవాబు ఉంది గానీ నోరు పెగల్లేదు.

ఇంతకీ ఇదంతా ఎక్కడ మొదలైందో చెప్పాలి.

మా పుట్టిల్లు పామూరు. వేణుగోపాలస్వామి గుడికి నాలుగడుగుల దూరంలో పెంకుటిల్లు. పెదనాయనా మా నాయనా ఉమ్మడిగా ఉండేవారు. ముందు పెద్ద వసారా, నాపరాళ్ళు పరిచిన నేల. ఆ రాళ్ళలో రెండింటి మీద అష్టాచెమ్మా గళ్ళు శాశ్వతంగా గీసి ఉండేవి. బలపంతో గీసీ గీసీ మా అవ్వకి విసుగొచ్చి, ఎవరిచేతో ఉలితో గీయించేసిందట. వామనగుంటల పీట ఒకటి, డబ్బాడు చింతపిక్కలు, వైకుంఠపాళి పటం ఒకటి. భుజంగేశ్వరస్వామి గుడి ఉన్న ఊరు మాది, ఊరి పేరులోనే పాముంది. అందుకేనేమో మా అవ్వ పాము నోట్లో పడ్డప్పుడు కూడా పటానికి దణ్ణం పెట్టి కిందికి దిగేది.

నాకు మాత్రం వైకుంఠపాళి పెద్దగా ఎక్కేది కాదు. అందులో మనం చేసేదేముంది? గవ్వలు ఎట్టా పడితే అట్టా పోవడమే. నిచ్చెన వచ్చిందా ఎక్కు, పామొచ్చిందా దిగు. పుణ్యమూ పాపమూ అని పెద్దవాళ్ళు చెప్పేవారు గానీ, ఏ పుణ్యం చేశానని ఎక్కాను, ఏ పాపం చేశానని దిగాను?

1991 ఎండాకాలం సెలవులకి, మద్రాసులో హోటల్లో పనిచేసే మా మేనమామ ఒక అట్టపెట్టె తెచ్చాడు. బిజినెస్. మీలో ఆడనివాళ్ళు తక్కువే ఉంటారు. చుట్టూ ఊళ్ళ పేర్లు: బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, మద్రాసు, హైదరాబాదు. రంగురంగుల కాగితం నోట్లు. పాచిక వేసి ఏ ఊళ్ళో ఆగితే ఆ ఊరు కొనుక్కోవచ్చు, ఇళ్ళు కట్టుకోవచ్చు, వేరేవాళ్ళు వచ్చి ఆగితే అద్దె పిండుకోవచ్చు. కొనాలా వద్దా అని అడిగే ఆట మా ఇంట్లోకి రావడం అదే మొదటిసారి. ఆ పటం మీద మా పామూరు లేకపోయె సరే, ఒంగోలు కూడా లేదని మా తమ్ముడు రెండ్రోజులు అలిగాడు.

మొదట మామూలుగానే ఆడాం. వారానికల్లా విసుగొచ్చింది. అప్పుడు మా అక్క, అంటే పెదనాయన కూతురు, నాకంటే రెండేళ్ళు పెద్ద, ఒక మార్పు చేసింది. నాయన తుండుగుడ్డ తలకి చుట్టుకుని, బుగ్గన లవంగం పెట్టుకుని వచ్చి బాసింపట్టు వేసుకుని కూర్చుని, "హమ్ బొంబాయి సేఠ్ హై" అంది. దూరదర్శన్‌లో విన్న హిందీ! మేమందరం నవ్వి నవ్వి పడ్డాం. ఆ రోజు నుంచి ఎవరూ ఎవరిలాగా ఆడలేదు. అక్క బొంబాయి సేఠ్. మా తమ్ముడు రైల్వే పెద్ద ఆఫీసరు. అప్పటికి మా ఊరికి రైలే లేదు, వాడు రైలెక్కిందీ లేదు, అయినా పటం మీద రైల్వేలు కనపడితే అప్పు చేసైనా కొనేవాడు. ఎదురింటి అమ్మాయి మద్రాసు సినిమా యాక్టరు. పెద్దన్న, అంటే అక్క సొంత అన్న, బుద్ధి పుట్టినప్పుడు వచ్చి జమీందారుగా కూర్చునేవాడు.

నేను బ్యాంకు మేనేజర్ని. పాత చీపురుపుల్లతో చేసిన కళ్ళజోడు, ఒక రూళ్ళ పుస్తకం.

జైల్లో పడ్డావనుకోండి, ఊరికే ఒక దఫా మానేస్తే సరిపోదు. ఏం చేసి జైలుకెళ్ళావో కథ చెప్పాలి. సేఠ్‌గారు దొంగ బంగారం తెచ్చి పడ్డాడు. యాక్టరమ్మ నిర్మాత మీద చెప్పు విసిరి పడింది. కథ బాగుంటే బ్యాంకు జామీను ఇస్తుంది. బాగుందో లేదో తేల్చేది నేనే. అప్పు కావాలన్నా నా దగ్గరికే రావాలి, ఎందుకు కావాలో చెప్పుకోవాలి. నూటికి పది వడ్డీ. ఒక పాచిక పోతే దాని బదులు ఆరు గవ్వలు వేసి వెల్లకిలా పడ్డవి లెక్కపెట్టుకునేవాళ్ళం. ఆట ఒక్కరోజులో అయ్యేది కాదు. ఎవరి దగ్గర ఎంత ఉందో, ఎవరు ఏ ఊళ్ళో ఆగారో పుస్తకంలో రాసి, మర్నాడు మధ్యాహ్నం అన్నాలయ్యాక అక్కడ్నుంచే మొదలు. ఒక సేఠ్ కథ దసరా సెలవుల దాకా నడిచింది.

అక్కకి ఒక అలవాటు. ఎవరి ఊళ్ళో ఆగినా వెంటనే అద్దె ఇచ్చేది కాదు. చెయ్యి చాపి "పత్రం చూపించు" అనేది. ఆ ఊరి కార్డు తెచ్చి చూపించాలి, అందులో అద్దె ఎంతని రాసుందో తనే చదవాలి, అప్పుడు గానీ నోటు తీసేది కాదు. పెద్దన్నకి ఒళ్ళు మండేది. "నా మాట మీద నమ్మకం లేదా?" అంటే, "నువ్వు మా అన్నవి కదా, ఇక్కడ జమీందారువి" అనేది.

1992లో నేను పెద్దమనిషినయ్యాను. మీలో నా ఈడువాళ్ళకి చెప్పనక్కరలేదు. మూల గదిలో చాప, వేరే కంచం, వేరే గ్లాసు, చిమ్మిలి ఉండలు, వచ్చేపోయే అమ్మలక్కలు. నన్నెవరూ ముట్టుకోకూడదు, నేను దేన్నీ ముట్టుకోకూడదు. మూడో రోజుకి నాకు ఏడుపొచ్చేసింది. అక్క గడప అవతల కూర్చుని, పటం గడప మీద పరిచి, నా పాచిక తనే వేసి, నా బిళ్ళ తనే జరిపేది. బ్యాంకు మాత్రం నా చాప మీదికి విసిరేసింది, నోట్లన్నీ. "నువ్వు లేకపోతే లెక్కలెవరు చూస్తారు?" అంది.

అవ్వ చూసింది. ఇంకేముంది! మైలపడిన నోట్లు మళ్ళీ ఇంట్లోకి ఎట్టా తెస్తారని గొడవ. చివరికి తనే ఒక ఉపాయం చెప్పింది. నా స్నానం రోజున ఆ నోట్లన్నీ చాటలో పోసి, చెంబులో పసుపునీళ్ళు కలిపి చిలకరించింది. కాగితం నోట్లు కదా, ఎండబెడితే వంకర్లు తిరిగాయి, గులాబిరంగు వందల మీద పసుపు మచ్చలు పడ్డాయి. ఆ తర్వాత మా బ్యాంకులో పసుపు మచ్చ లేని నోటు చెల్లేది కాదు. దొంగనోటని అక్క వెనక్కి విసిరేసేది.

ఆ తర్వాత మాకు వీధి లేదు. బడీ ఇల్లూ అంతే. అక్కకి అప్పటికే లేదు. మగపిల్లలు గుడి దగ్గర క్రికెట్ ఆడుతుంటే, మేం వసారాలో కూర్చుని బొంబాయి నుంచి కలకత్తా దాకా తిరిగేవాళ్ళం. అక్క పెళ్ళి 1995లో, నాది 1997లో. పెట్టె అటకెక్కింది. ఎప్పుడో చెదలు పట్టిందని అమ్మ చెప్పింది. నేను విని "ఊ" అన్నాను. అప్పుడు నా చంకలో పిల్లాడు, పొయ్యి మీద పాలు.

ఆ పిల్లాడి దగ్గరికే రెండేళ్ళ కిందట బెంగుళూరు వెళ్ళాను. శనివారం రాత్రి వాడి ఫ్లాటుకి ఆరుగురొచ్చారు. భోజనాల బల్ల మీద కాగితాలు, పెన్సిళ్ళు, పటాలు, రకరకాల పాచికలు. ఒకదానికైతే ఇరవై ముఖాలు! ఒకబ్బాయి అట్ట అడ్డం పెట్టుకుని కథ చెబుతున్నాడు, మిగతావాళ్ళు అందులో మనుషులై మాట్లాడుతున్నారు. మావాడు గడ్డం పెంచిన మరుగుజ్జు వీరుడట, చేతిలో గొడ్డలి. "ఆ గుహలోకి పోతావా?" అని వాడు అడగడం, వీళ్ళు గుసగుసలాడుకోవడం, పాచిక దొర్లించడం, కేకలు. పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని అచ్చు వేసి అమ్మారట. అప్పట్నుంచీ లోకమంతా ఆడుతున్నారట.

అర్ధరాత్రి దాటింది. అందరికీ దోసెలు పోస్తూ నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. వాళ్ళలో ఒకాయన మావాడి ఆఫీసులో పెద్ద. నలభై ఐదు దాటి ఉంటాయి. ఆయన సంచిలోంచి పాత పుస్తకాలు రెండు తీశాడు, ఎంతో జాగ్రత్తగా, ప్లాస్టిక్ కవరులో పెట్టి. చిన్నప్పుడు నాన్నగారి ఉద్యోగం వల్ల అమెరికాలో నాలుగేళ్ళు ఉన్నాడట. అక్కడ ఆడిన పుస్తకాలే. తిరిగొచ్చేటప్పుడు బరువెక్కువైందని వాళ్ళమ్మ పారేసింది. ఇప్పుడు ఎవరో వాడేసినవి, ఎన్నో వేలు పెట్టి తెప్పించుకున్నాడు. "అవే పుస్తకాలండీ, కానీ లోపల వేరే పిల్లాడెవరో పెన్సిలుతో రాసుకున్నాడు" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా గుర్తుండిపోయింది.

నేను మావాడితో అన్నాను, "ఒరే, ఇది మేం ఆడిందే." వాడు ముందు నవ్వాడు. తర్వాత సేఠ్ సంగతి, జైలు కథల సంగతి, పసుపు నోట్ల సంగతి చెప్పాను. ఆ ఆరుగురూ దోసెలు పట్టుకుని విన్నారు. అట్ట అడ్డం పెట్టుకున్న అబ్బాయి "అయితే ఆంటీ, మాస్టరు మీరే అన్నమాట" అన్నాడు. ఎన్నాళ్ళయిందో నన్ను ఎవరైనా ఏదో ఒకటి 'మీరే' అని!

మావాడి మనసు మంచిది. నా పుట్టినరోజుకి ఆన్‌లైన్‌లో పెద్ద పెట్టె పంపించాడు. విప్పి చూస్తే అందులో నోట్లు లేవు. ఒక చిన్న మిషను, బ్యాంకు కార్డులు. కార్డు పెడితే డబ్బు దానంతటదే అటు పోతుంది, ఇటు వస్తుంది. బ్యాంకు మనిషి అక్కర్లేదు. ఇప్పటి పిల్లలకి ఇదే సులువని వాడు ఫోనులో చెబుతుంటే "చాలా బావుంది నాన్నా" అన్నాను. పెట్టేశాక దాన్ని బీరువా మీద పెట్టి కాసేపు అట్టా చూస్తూ కూర్చున్నాను. అన్నీ ఉన్నాయి, నేను కూర్చునే చోటే లేదు అందులో.

ఆ పండక్కి వాడు ఇంటికొచ్చినప్పుడు ఇంకో సంగతి చెప్పాడు. ఈ బిజినెస్ ఆటకి మూలం అమెరికాలో లిజీ మాగీ అనే ఆవిడ చేసిందట. ల్యాండ్‌లార్డ్స్ గేమ్ అని పేరు పెట్టి 1904లో పేటెంటు తీసుకుంది. భూములన్నీ కొందరి చేతుల్లోనే ఉంటే అద్దెలు కట్టేవాళ్ళు ఎట్టా దివాలా తీస్తారో జనానికి తెలియాలని చేసిన ఆట! తర్వాత ముప్ఫై ఏళ్ళకి చార్లెస్ డారో అనే ఆయన దాన్నే కొంచెం మార్చి మోనోపలీ అని అమ్మాడు, కంపెనీ కొనుక్కుంది, అతనికి పేరూ డబ్బూ వచ్చాయి. 1935లో ఈవిడ పేటెంటు కూడా అదే కంపెనీ కొనేసింది. ఐదువందల డాలర్లకి.

"ఐదొందలకే సంతకం పెట్టేసిందా?" అన్నాను.

"పెట్టేసిందమ్మా" అన్నాడు వాడు, మురుకులు తింటూ.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

పెదనాయన పోయాక, 2015లో, పామూరు ఇల్లూ పక్కన ఖాళీ స్థలమూ అమ్ముదామన్నారు పెద్దన్నా మా తమ్ముడూ. తాతనాటి ఆస్తి, ఆడపిల్లల సంతకాలు కావాలి. మన రాష్ట్రంలో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం చేసిన సవరణ 1986లోనే వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకీ మగపిల్లాడితో సమానంగా వాటా ఉంటుంది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళి కాకుండా ఉంటే చాలు. దేశమంతటికీ అది 2005లో వచ్చింది, మనకి ఇరవై ఏళ్ళ ముందే ఉంది. ఇదంతా నాకు అప్పుడు తెలియదు. తెలుసుకోలేదు అనడమే నిజం. తమ్ముడు కాగితాలు తెచ్చాడు, "ఇక్కడ పెట్టక్కా, ఇక్కడ, ఇక్కడ" అని వేలుతో చూపించాడు, పెట్టేశాను. అన్నదమ్ములకి ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను అని ఉందట అందులో. చదవలేదు. చీపురుపుల్ల కళ్ళజోడు పెట్టుకుని నూటికి పది వడ్డీ లెక్కగట్టిన నేనే.

అక్క పెట్టలేదు. కాగితాలు తీసుకుపోయిన పెద్దన్నని కూర్చోబెట్టి, మొత్తం చదివి, "నా వాటా రాయించు, అప్పుడు పెడతా" అంది. అవసరానికి అడుగుతున్నావా, నేనిస్తాలే అని పెద్దన్న అన్నాడట. "అవసరానికి కాదు, నాది కాబట్టి అడుగుతుండా" అంది.

అంతే, ఇంట్లో అందరి నోళ్ళూ లేచాయి. పుట్టింటికి చెయ్యి చాపిందన్నారు, అన్న ఉసురు పోసుకుందన్నారు. కోర్టుకి పోలేదు, పోట్లాడలేదు, సంతకం పెట్టకుండా కూర్చుంది అంతే. ఏడాదిన్నరకి పెద్దన్నే దిగొచ్చాడు. తన భాగం తనకి వచ్చింది. ఆ డబ్బుతోనే కూతుర్ని నర్సింగు చదివించింది. కానీ ఆ తర్వాత మా వైపు ఏ శుభకార్యానికీ తనకి కార్డు పోలేదు.

అన్నవాళ్ళు పిలవలేదంటే వాళ్ళ కోపం వాళ్ళది. నేనెందుకు పిలవలేదు? 2016లో మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ చేశాం. పేర్ల లిస్టు రాసింది నేనే. మొదట అక్క పేరే రాశాను. అమ్మ చూసి "దాన్ని పిలిస్తే అన్నా వదినా రారు" అంది. పెన్నుతో కొట్టేశాను. మూల గదిలో నేను ఒక్కదాన్నీ కూర్చుని ఏడుస్తుంటే గడప అవతల పటం పరిచిన మనిషి పేరు, నా కూతురి ఫంక్షన్ లిస్టులోంచి నా చేత్తో నేనే కొట్టేశాను. తనకి కోపం వచ్చిందనుకుందామని కాదు, నాకు భయమేసింది. తను అడిగింది, నేను అడగలేదు. తన మొహం చూస్తే అది గుర్తొస్తుందని.

అదీ సంగతి. మిషను పెట్టె కాకుండా, నోట్లున్న పెట్టె కోసం నేను ట్రంకు రోడ్డు కొట్లన్నీ తిరిగింది అందుకు.

ఫోను నంబరు వాళ్ళనీ వీళ్ళనీ అడిగి సంపాదించాను. మూడుసార్లు నొక్కి, మోగకముందే పెట్టేశాను. నాలుగోసారి ఎత్తింది.

"ఎవరూ?"

"బ్యాంకు మేనేజర్ని మాట్లాడుతున్నా."

కాసేపు ఏమీ లేదు. వెనకాల ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. తర్వాత అంది, "బ్యాంకోళ్ళమని చెప్పి ఓటీపీ అడిగేవోళ్ళు ఎక్కువైపోయినారు. నువ్వేం అడుగుతావు?"

"ఇంటికి రానా?"

"బస్సుకి డబ్బులుండయ్యా?" అంది. అంతే, పెట్టేసింది. అది రమ్మనడమో కాదో తెలియక మావారిని అడిగితే, "రావద్దంటే చెప్పేది" అన్నారు.

తనుండేది కనిగిరిలో. ఒంగోలులో పొద్దున్నే బస్సెక్కాను. చీమకుర్తి దాటేదాకా గెలాక్సీ గ్రానైటు లారీలు, పొదిలి దాటాక కందిచేలు, ఎర్రమట్టి. ఒళ్ళో పెట్టె. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాను. కనిగిరిలో దిగేసరికి ఒక్క ముక్క మిగల్లేదు.

అక్క జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి "ఏమ్మే, ఇంత లావైనావు" అంది. లోపలికి పోయి నీళ్ళు తెచ్చింది, "క్యాను నీళ్ళే, తాగు" అని. ఈ చుట్టుపక్కల ఫ్లోరైడు నీళ్ళ సంగతి మీకు తెలుసుగా. తాగాను. నేను మొదలుపెట్టాను, "అక్కా, ఆ రోజు పాప ఫంక్షన్..."

"ఆ రోజు నేను ఒంగోల్లోనే ఉండా" అంది. "నడిపిదానికి చెవి నొప్పి, ఆసుపత్రికి తీసకొచ్చినా. మీ మండపం ముందు నించే పోయింది ఆటో. బోర్డు మీద దాని పేరు చదివినా."

నాకేం మాట్లాడాలో తెలియలేదు. తప్పయింది అన్నాను. చిన్నగా అన్నాను, మళ్ళీ ఇంకోసారి అన్నాను. తను చీర కొంగు వేలికి చుట్టుకుంటూ గోడ మీద కాలెండరు చూస్తూ కూర్చుంది. చాలాసేపే. ఫర్వాలేదు అనలేదు. ఆ మాట అననందుకు నాకు తన మీద గౌరవం పెరిగింది, నిజం చెబుతున్నా.

"కాగితం నువ్వు చదివినావా, అప్పుడు?" అని అడిగింది.

"లేదు."

"చదివుంటే?"

ఆలోచించాను. "చదివినా పెట్టేసేదాన్నేమోలే" అన్నాను.

"ఆ," అంది. "అది నిజం." లేచి కాఫీ పెట్టడానికి పోయింది.

కాఫీలు తాగాక పెట్టె తీశాను. చూసి కళ్ళజోడు తెచ్చుకుంది. ఇద్దరికీ ఉన్నాయి ఇప్పుడు, చీపురుపుల్లలవి కాదు. పటం చాప మీద పరిచాం. బొంబాయి అని లేదు, ముంబై అని ఉంది. మద్రాసు చెన్నై అయింది. "సేఠ్‌ని ఏ ఊరోడని చెప్పుకోవాల ఇప్పుడు?" అని గొణుక్కుంది. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి పడుకున్న నర్సమ్మ లేచి వచ్చి, తల పట్టుకుని, వాళ్ళమ్మా పిన్నీ నేల మీద పాచికలు దొర్లించడం చూసి ఏమీ అనకుండా మా పక్కన కూర్చుంది. నాకూ ఇవ్వండి ఒక బిళ్ళ అంది.

నేను నోట్లు విడదీసి, రంగు ప్రకారం పేర్చి, నా మోకాలి పక్కన పెట్టుకున్నాను. బ్యాంకు ఎవరిదని ఎవరూ అడగలేదు. ఇద్దరికీ పంచాను. అక్క తన వాటా అందుకుని ఒకసారి లెక్కపెట్టింది, తడి చేసుకుని రెండోసారి లెక్కపెట్టింది. సరిగ్గానే ఉంది. అయినా ఒక వంద నోటు పైకెత్తి, కిటికీ వెలుతురుకేసి పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, నా ఒళ్ళోకి విసిరేసింది.

"ఇవి చెల్లవమ్మే. పసుపేదీ?"

వాళ్ళమ్మాయికి అర్థం కాలేదు. మా ఇద్దరి మొహాలూ చూసి, వంటింట్లోకి వెళ్ళి నిజంగానే పసుపు డబ్బా తెచ్చింది.